హృదయశుద్ధి: డోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం



గడచిన శ్రమల దినాల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల ఉపవాస కూడికలకు వెళ్ళి వచ్చాం. మూడు చోట్లా అంశం ఒకటే, హృదయశుద్ధి. చివరి రోజున విశ్వాసులు తమ పాపాలను చీటీల మీద రాసి సిలువ దగ్గర పెట్టారు. వాటిని ఎవరూ చదవకుండానే కాల్చేశాం. సాక్ష్యాల సమయంలో కొందరు లేచి అందరి ముందూ నోటితో ఒప్పుకున్నారు. తాగుడు, సెల్‌ఫోన్‌లో చూడరానివి చూడడం, అత్తాకోడళ్ళ మధ్య ఏళ్ళుగా సాగుతున్న పగ, చిట్టీ డబ్బు ఎగవేత, దేవునికి ఇవ్వవలసింది దాచుకోవడం. ఆ కన్నీళ్ళు నిజమైనవే. మేమూ వారితో పాటు మోకరించాం.

కోదాడలో కూడిక ముగిసి బయటికి వస్తుండగా ఒక సంఘపెద్ద మమ్మల్ని పక్కకు పిలిచారు. మూడు రోజులూ ముందు వరుసలో కూర్చొని కంటతడి పెట్టిన మనిషి. తన కుమారుడికి సంబంధం చూడమన్నారు. అమ్మాయి మారుమనస్సు పొంది, బాప్తిస్మము తీసుకొని, ప్రార్థనాపరురాలై ఉండాలన్నారు. ఆస్తి అక్కరలేదన్నారు. మాకెంతో సంతోషం కలిగింది. ఆ తరువాత గొంతు తగ్గించి, మనవాళ్ళే అయితే మంచిదని అన్నారు. మనవాళ్ళు అంటే విశ్వాసులని ఆయన ఉద్దేశం కాదు. అది మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకూ తెలుసు. చూద్దాంలెండి అని చెప్పి మేము కారెక్కాం. సూర్యాపేట దాటేదాకా కారులో ఎవరమూ మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవిత చరిత్రను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాం. సెమినరీ రోజుల్లో పరీక్ష కోసం చదివిందే. ఈసారి పరీక్ష వేరు.

బిషప్పుల గోల మనకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నల్గొండ ప్రాంతంలో మన సంఘాలలో అనేకం బాప్తిస్టు మిషను పరిచర్యలో పుట్టినవి. 1890 ప్రాంతంలో రష్యా దేశపు మెన్నొనైటు సంఘాల నుండి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దొరగారు నల్గొండలో పని మొదలుపెట్టారు. ఆ తరువాత సూర్యాపేటలోనూ కేంద్రం వెలసింది. అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘపు మనిషి. కానీ డోర్నకల్ మనకు పరాయి ఊరు కాదు. సూర్యాపేటలో పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఆ రోజుల్లో రెండూ నిజాం రాజ్యంలోనివే. అక్కడి వాడలు, ఇక్కడి వాడలు ఒకలాంటివే. అక్కడ ఆయన ఎదుర్కొన్నది ఇవాళ మన సంఘాల్లోనూ ఉంది.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ పల్లె సంఘపు గురువు. తల్లి ఎల్లెన్. కుమారుడి కోసం ఏళ్ళ తరబడి ప్రార్థించి కన్న బిడ్డ గనుక హన్నా కుమారుని పేరు పెట్టుకున్నారు. వీరిది నాడార్ సమాజం, అప్పట్లో షానార్లు అని పిలిచేవారు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసి బ్రతికిన ఆ ప్రజలకు అగ్రకులాల గుడుల్లోకి ప్రవేశం ఉండేది కాదు. క్రీస్తును నమ్ముకొని, చదువుకొని, ఒకటి రెండు తరాల్లో తల ఎత్తుకొని నిలబడ్డారు.

తమిళ దేశపు సంఘంలో కులం అప్పటికే పాత రోగం. ఒకే మందిరంలో కులానికొక చోట కూర్చొనేవారు, ప్రభువు బల్ల దగ్గరికి కులం వరసలో వచ్చేవారు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదం ఉండరాదని ఆజ్ఞ పంపితే, తంజావూరు ప్రాంతంలో ఎంతోమంది సంఘాన్నే విడిచి వెళ్ళారు గానీ కులాన్ని విడువలేదు. క్రీస్తును వదులుకోవడం కంటే పంక్తిని వదులుకోవడం వారికి కష్టమైంది. అజరయ్యగారు ఈ గాలిలో పెరిగారు. విద్యార్థిగా ఉన్నప్పుడే కులభేదాలను దాటి కలిసి ఉండాలని తోటి విద్యార్థులతో ఒక చిన్న సమాజం పెట్టుకున్నారంటే, ఆ వయసులోనే అది ఆయన్ని ఎంత గుచ్చిందో తెలుస్తుంది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895లో వై.ఎం.సి.ఎ. పరిచర్యలో చేరారు. అక్కడే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడితో స్నేహం కుదిరింది. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నారు. దక్షిణ దేశంలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. డోర్నకల్‌లో పల్లె స్త్రీల మధ్య జరిగిన పరిచర్య భారం చాలావరకు ఆమె మోసిందే. మన సంఘచరిత్రల్లో భార్యల పేర్లు ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఇక్కడ మేము చేస్తున్నదీ అదే, క్షమించాలి.

1902లో సింహళంలోని యాఫ్నాకు వెళ్ళినప్పుడు ఆయన హృదయంలో మొదటి పెద్ద శోధన జరిగింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను సువార్తకు పంపుతున్నారు. తిరునెల్వేలి సంఘం అంతకంటే ఎంతో పెద్దది, ఎంతో పాతది. అయినా ఒక్కరినీ పంపలేదు. ఒక రాత్రి ఒంటరిగా ప్రార్థనలో కన్నీరు కార్చారని చెబుతారు. ఆ కన్నీరు అక్కడితో ఆగిపోలేదు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. భారతీయుల డబ్బు, భారతీయుల మనుషులు, భారతీయుల నడిపింపు. పని చేయడానికి వారు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని తెలుగు సీమ, డోర్నకల్. 1905 డిసెంబరు 25న సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడూ ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు.

ఇతరులను వెళ్ళమని చెప్పి తాను మద్రాసులో ఉండిపోవడం ఆయనకు మింగుడుపడలేదు. 1909లో, 35 ఏళ్ళ వయసులో, గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి డోర్నకల్ అంటే ఒక రైల్వే జంక్షను, చుట్టూ అడవి. మొదట గుడారంలో ఉన్నారు. మన తెలుగు నేర్చుకున్నారు. పెద్ద పట్టణాల సభల్లో ఇంగ్లీషులో మాట్లాడి పేరు తెచ్చుకున్న మనిషి, పల్లెలో కూలివాళ్ళ ముందు నేలమీద కూర్చొని తప్పుల తెలుగులో సువార్త చెప్పడం మొదలుపెట్టారు.

మరుసటి సంవత్సరం, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన చేసిన ప్రసంగం నేటికీ లోకమంతటా సెమినరీల్లో చదువుతారు. పరదేశ మిషనరీలు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు. అయితే భారతీయ సహోదరులను స్నేహితులుగా మాత్రం దగ్గరికి తీసుకోలేదని, ఆ లోటు తీరాలని ఆయన నొప్పి కలిగేలా చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో పనిచేస్తున్నా ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేయని సంగతిని బహిరంగంగా ఎత్తి చూపారు. సభలో కొందరు ముఖం ముడుచుకున్నారు.

ఈ ప్రసంగాన్ని మనవాళ్ళు చాలా ఇష్టంగా తలుచుకుంటారు. తెల్లవారిని నిలదీసిన నల్లవాడు అని మురిసిపోతారు. మాకూ ఆ గర్వం ఉంది. కానీ ఇతరుల పాపాన్ని చూపించడం హృదయశుద్ధికి ఎన్నడూ కొలబద్ద కాదు, అది పరిసయ్యుడికీ చేతనైన పనే. ఎడిన్‌బరోలో దొరలను అడిగిన ప్రశ్ననే ఆయన డోర్నకల్‌కు తిరిగివచ్చి తన సంఘాన్ని అడిగారు. ఒకరి ఇంట్లో ఒకరు తింటారా? మిగిలిన 35 సంవత్సరాలు ఆయనను కాల్చింది ఈ ప్రశ్నే.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. వయసు 38. వ్యతిరేకించినవారిలో తెల్లవారే కాదు, మన దేశపు క్రైస్తవులూ ఉన్నారు. వారికున్న అభ్యంతరాల్లో ఆయన పుట్టిన కులం ఒకటి. పక్కవాడు పైకి వస్తుంటే వాడి ఇంటిపేరు అడిగే జబ్బు మనకు కొత్తది కాదు.

మొదట అప్పగించింది చిన్న అధ్యక్షమండలమే. తరువాతి కాలంలో కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా కలిసి అది విశాలమైంది. ఎద్దుబండి మీద, సైకిలు మీద, కాలినడకన పల్లెలు తిరిగారు. మాలలు, మాదిగలు వాడలకు వాడలుగా క్రీస్తు దగ్గరికి వస్తున్న రోజులవి. బాప్తిస్మము పొందిన ప్రతివాడిచేతా తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాసిన మాట పలికించేవారు. నిన్నటి వెట్టివాడు నేడు సువార్తికుడన్న మాట. ఆయన పరిచర్య చివరి దశకు వచ్చేసరికి అధ్యక్షమండలంలో విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటింది, గురువుల్లో అత్యధికులు తెలుగువారే.

పల్లెలను పీడించే నాలుగు దయ్యాల గురించి అజరయ్యగారు ఎప్పుడూ చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. మేము చదివినంతలో ఆయన పరిచర్యలో మాకు అత్యంత ప్రియమైన భాగం ఇదే. దయ్యాలను వెళ్ళగొట్టడమంటే ఆయనకు కేకలు కాదు. మురికికి బావి, సబ్బు, ఊడ్చిన వాకిలి. రోగానికి వైద్యశాల. అప్పుకు సహకార సంఘం. తాగుడుకు సంఘ క్రమశిక్షణ, దానితో పాటు పాటలు, పంటపండుగ, జాతర. పాత పండుగ తీసేస్తే ఖాళీ అయిన చోట క్రైస్తవ పండుగ పెట్టాలని ఆయనకు తెలుసు. దయ్యం వదిలిన ఇల్లు ఊడ్చి అలంకరించి ఖాళీగా ఉంచితే ఏడు దయ్యాలు తిరిగి వస్తాయని ప్రభువు చెప్పింది ఆయన మరువలేదు.

ఆ మార్పు కంటికి కనిపించింది. 1930ల్లో మాలమాదిగల బ్రతుకుల్లో వచ్చిన శుభ్రతను, నెమ్మదిని చూసి, అదే ఊళ్ళో భూమి దున్నించే కులాలవారు సైతం ప్రభువు దగ్గరికి రావడం మొదలైంది. ఏ బోధకుడూ వారి గుమ్మం తొక్కకముందే తమ జీతగాడి ముఖం చూసి వచ్చారు. మాస్ మూవ్‌మెంట్ల మీద పరిశోధన చేసిన బిషప్ పికెట్ వంటివారు ఈ సంగతిని ప్రత్యేకంగా నమోదు చేశారు. గాంధీజీకి ఈ సామూహిక మార్పుల మీద తీవ్రమైన అభ్యంతరం ఉండేది, ఆ విషయంలో ఇద్దరికీ పొసగలేదు. అది వేరే వ్యాసానికి తగిన సంగతి.

అయితే సబ్బుతో పోని మురికి ఒకటుంది. వాడలో తాగుడు మానేశారు, అప్పు తీర్చారు, పిల్లల్ని బడికి పంపారు. అయినా మాలలు మొదట సంఘంలోకి వచ్చిన ఊళ్ళో మాదిగలు వస్తామంటే ముఖాలు మాడాయి. మాదిగలు ముందు వచ్చిన చోట మాలలు వేరే మిషను వెతుక్కున్నారు. ఊరి పెద్దకులాలు తమను తాకితే మైలపడతామన్నాయని శతాబ్దాలుగా ఏడ్చినవాళ్ళే, తమకంటే కింద అనుకున్నవాణ్ణి తాకడానికి వెనకాడారు. ఆ తరువాత పై కులాలవారు వచ్చినప్పుడు అదే చిక్కు ఇంకో రూపంలో. కలిసి కూర్చోవాలి, ఒకే పాత్రలో త్రాగాలి అన్నది అజరయ్యగారి పట్టు. ఆయన పట్టు గట్టిదే గానీ, ఆ జబ్బు నయమైందని చెప్పగలిగే రోజు ఆయన జీవితకాలంలో రాలేదు.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం ఈ మధ్య మమ్మల్ని వదలడం లేదు. యెరూషలేము సభలో పేతురు లేచి, కొర్నేలి ఇంట జరిగినదాన్ని చెబుతాడు. దేవుడు అన్యజనుల హృదయాలను విశ్వాసం చేత శుద్ధి చేశాడని, వారికీ మనకూ ఏ భేదమూ ఉంచలేదని అంటాడు. ఆ రెండు సంగతులూ ఒకే వచనంలో, 9వ వచనంలో, ఉన్నాయి. మన ఉపవాస కూడికల్లో ఆ వచనంలో సగమే ప్రసంగిస్తున్నాం. ఇంకో విచిత్రం చూడండి: అంత చెప్పిన పేతురే అంతియొకయలో యూదులు చూస్తున్నారని అన్యజనుల పంక్తి నుండి లేచి పోయాడు, పౌలు ముఖాముఖిగా గద్దించవలసి వచ్చింది. హృదయశుద్ధి పొందిన అపొస్తలుడు కూడా భోజనాల దగ్గర దొరికిపోయాడు.

అజరయ్యగారికి అలాంటి రోజు 1930ల్లో వచ్చింది. హిందువుగా చావనని అంబేద్కర్‌గారు 1935లో ప్రకటించాక, దేశంలోని మతాలన్నీ ఆయన వైపు చూశాయి. ఆయన అజరయ్యగారిని కలిసినప్పుడు అడిగిన ప్రశ్నను చరిత్రకారులు చెబుతారు. మేము క్రైస్తవులమైతే ఎక్కడ ఉన్నా ఒకే సంఘంగా ఉండగలమా, మీ సంఘాల్లో కులం లేకుండా ఉందా అన్నది దాని సారాంశం. ఒక ఊళ్ళో ఆంగ్లికన్లు, ఇంకో ఊళ్ళో బాప్తిస్టులు, మరొకచోట లూథరన్లు, మెథడిస్టులు. మిషను సరిహద్దుల్లోనే మళ్ళీ వాడల సరిహద్దులు. అజరయ్యగారు అబద్ధం చెప్పలేకపోయారు. జవాబు లేక సిగ్గుతో బయటికి వచ్చానని తరువాత తానే ఒప్పుకున్నారట.

ఒక్కసారి ఆలోచించండి. 2 లక్షల విశ్వాసులున్న అధ్యక్షమండలం ఆయనది. గణాంకాలు చెప్పి తప్పించుకోవచ్చు. ఫలానా ఊళ్ళో అందరూ కలిసి భోంచేశారని నాలుగు సాక్ష్యాలు చెప్పవచ్చు. మేమైతే అదే చేసి ఉండేవాళ్ళం. సంఘాన్ని బాగా చూపించాలన్న ఆశ పరిచారకులందరికీ ఉంటుంది. ఆయన ఊరుకున్నారు. హృదయశుద్ధి గలవారు దేవుని చూస్తారని ప్రభువు కొండ మీద చెప్పిన మాటకు ఆ నిశ్శబ్దం ఎంత దగ్గరగా ఉందో! తనలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించని మనసు అది.

ఆయనలో లోపాలు లేవని మేము అనడం లేదు. క్రమశిక్షణ విషయంలో కఠినుడు. బ్రిటిషు ప్రభుత్వం మీద, ఆంగ్లికన్ పద్ధతుల మీద కొంచెం ఎక్కువే అభిమానం చూపారని నేటి విమర్శకులు అంటారు, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ సిగ్గును ఆయన వృథా పోనివ్వలేదు. దక్షిణ భారతదేశపు సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 నుండి సాగుతున్న చర్చల్లో ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు, చివరిదాకా వాటి వెంటబడ్డారు. డోర్నకల్‌లో పాతికేళ్ళు సాగిన కథీడ్రల్ కట్టడం పూర్తై 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మన దేశపు గుడి, మసీదు కట్టడాల అందాన్ని కలుపుకున్న మందిరం అది. చూడనివారు ఒకసారి వెళ్ళి చూడండి, పిల్లల్నీ తీసుకెళ్ళండి. 1945 జనవరి 1న ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన దాన్ని కళ్ళారా చూడలేదు.

సంఘాలు ఏకమయ్యాయి. వాడలు ఏకమయ్యాయా? 2018 సెప్టెంబరులో, కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు ఒక దళిత క్రైస్తవ యువకుణ్ణి మిర్యాలగూడలో పట్టపగలు, గర్భవతి అయిన భార్య కళ్ళముందే చంపారు. ఆ రోజుల్లో మన సంఘాలెన్నో కొవ్వొత్తులు పట్టుకొని నడిచాయి. మేమూ నడిచాం. ఆ దుఃఖం, ఆ కోపం న్యాయమైనవి. కానీ ఆ కొవ్వొత్తులు పట్టుకున్న ఇళ్ళలో ఆ తరువాత ఎన్ని పెళ్ళిళ్ళు వాడ దాటి జరిగాయో ఎవరి ఇంటివారు వారు లెక్కచూసుకోవలసిందే. ఈ మూడు పట్టణాల ఆత్మీయ కూడికల్లో, అంత ఒప్పుకోలులో, కులం అన్న మాట ఒక్క నోటి నుండీ రాలేదు. చీటీల్లో ఎవరైనా రాశారేమో దేవునికే తెలుసు, అవి కాలిపోయాయి.

కోదాడ పెద్దగారికి మేము జవాబు బాకీ ఉన్నాం. చూద్దాంలెండి అన్నది జవాబు కాదని ఆ రోజే తెలుసు. పాతికేళ్ళ క్రితం మా సొంత ఇంట్లో ఒక సంబంధం వచ్చినప్పుడు మేము అడిగిన మొదటి ప్రశ్న కూడా ఆయనదే గనుక ఆ రోజు నోరు పెగల్లేదు. అమ్మాయి మంచి విశ్వాసి. ఆ సంబంధం వద్దనుకోవడానికి మేము వేరే కారణం చెప్పాం. అది ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

మా దగ్గర ఇప్పుడు రెండు సంబంధాల వివరాలున్నాయి. ఇద్దరూ ప్రభువును ఎరిగిన బిడ్డలు, ఒకరు నర్సు, ఒకరు టీచరు. ఒకరిది పెద్దగారి వాడ, ఒకరిది కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనకు ఫోన్ చేస్తాం. రెండోదే ముందు చెబుతాం.